చవక డ్రైవర్లతో ఇంట్లో లైన్ అరే: తరచుగా అడిగే ప్రశ్నలు

లైన్ అరే కట్టాలనుకునేవాళ్ల సందేహాల్లో సగానికి పైగా డ్రైవర్ (స్పీకర్ పెట్టెలో శబ్దం పుట్టించే యూనిట్) ఎంపిక దగ్గరే తిరుగుతుంటాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఇక్కడ మాట్లాడేది ఇంట్లో వినడానికి నేల దగ్గర నుంచి దాదాపు పైకప్పు దాకా చిన్న డ్రైవర్లను నిలువుగా పేర్చిన స్తంభం గురించి. లెక్కలన్నిట్లో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకున్నాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఆ డబ్బుతో ఒక మంచి డ్రైవరే వస్తుంది కదా, పదహారు చవకవి ఎందుకు?

చవక డ్రైవర్ బలహీనత గట్టిగా మోగించినప్పుడు బయటపడుతుంది. కోన్ (ఊగి శబ్దం పుట్టించే గిన్నెలాంటి భాగం) ఎక్కువ దూరం ఊగాలి, దాన్ని ఊపే కాయిల్ (తీగచుట్ట) వేడెక్కుతుంది, శబ్దం గరగరలాడుతుంది. అదే శబ్దాన్ని పదహారు డ్రైవర్లు పంచుకుంటే ఒక్కో కోన్ పదహారో వంతే కదిలితే చాలు. కోన్ వైశాల్యం 30 చదరపు సెంటీమీటర్లు ఉన్న 3 అంగుళాల డ్రైవర్లు పదహారు కలిస్తే 480 అవుతుంది, అంటే 12 అంగుళాల వూఫర్‌కు (బేస్ డ్రైవర్‌కు) కాస్త తక్కువ. చిన్న డ్రైవర్ చురుకుదనం, పెద్ద డ్రైవర్ ఊపిరి రెండూ దొరికినట్టే.

అరే సరిచేయలేనిది ఒకటుంది. పదహారింటికీ 6 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకే గూను (అక్కడ శబ్దం అనవసరంగా పెరగడం) ఉంటే మొత్తం అరేకీ అదే గూను ఉంటుంది. డ్రైవర్‌కీ డ్రైవర్‌కీ మధ్య చిన్న తేడాలు సగటులో కలిసిపోతాయి, మోడల్‌కే ఉన్న లోపం మాత్రం పోదు.

లైన్ అరే శబ్దం దూరం వెళ్లినా తగ్గదంటారు, నిజమా?

తగ్గుతుంది, కాకపోతే నెమ్మదిగా. మామూలు స్పీకర్ నుంచి దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది, లైన్‌కు దగ్గరి పరిధిలో ఉంటే 3 డెసిబెల్సే. ఆ పరిధి ఎంతో తెలియాలంటే లైన్ పొడవు వర్గాన్ని తరంగదైర్ఘ్యానికి రెట్టింపుతో భాగించండి. 2 మీటర్ల లైన్‌కు 1 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 5.8 మీటర్లు, 100 హెర్ట్జ్ దగ్గర 0.6 మీటర్లే. కాబట్టి బేస్ దగ్గర మీ స్తంభం మామూలు స్పీకర్‌లాగే ప్రవర్తిస్తుంది. నేల, పైకప్పు అద్దాల్లా పనిచేసి లైన్‌ను పొడిగించినట్టు చేస్తాయి గనక గదిలో పరిస్థితి ఈ లెక్క కంటే కొంత మెరుగ్గానే ఉంటుంది.

ఎత్తు ఎంత ఉండాలి? మీటరు పొడవు చాలదా?

గది ఎత్తులో కనీసం 70 శాతం పెట్టుకోండి. 2.7 మీటర్ల గదికి 1.9 మీటర్లు. కూర్చున్నప్పుడు చెవి నేలకు 90–100 సెం.మీ. ఎత్తులో, నిలబడితే 150–160 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. రెండూ లైన్ కొసల మధ్యే పడాలి. మీటరు స్తంభం కూర్చుంటే బాగానే వినిపిస్తుంది, లేచి నిలబడగానే పై స్వరాలు మాయమవుతాయి. అంత ఎత్తుకు డ్రైవర్లు కొనే స్తోమత లేకపోతే పొట్టి అరే కట్టడం కంటే మామూలు టూ-వే స్పీకర్ (వూఫర్ ఒకటి, పై స్వరాల ట్వీటర్ ఒకటి ఉన్నది) కట్టుకోవడమే మేలు.

కచేరీల్లో వేలాడదీసే అరేలాంటిది ఇంట్లో చేయొచ్చా?

అది వేరే యంత్రం. 1992లో ఫ్రాన్స్‌లో క్రిస్టియన్ హైల్ తెచ్చిన వీ-డాస్క్ అనే కచేరీ అరే దగ్గర నుంచి ఆ తరహా అరేల్లో పై స్వరాలను ప్రత్యేకమైన వేవ్‌గైడ్ (శబ్దానికి దారి చూపే మార్గం) సన్నని నిలువు చీలికగా మారుస్తుంది. అందుకే ఒక పెట్టె పక్కన మరో పెట్టె చేరినా మధ్యలో ఖాళీ ఉన్నట్టు అనిపించదు. చిన్న డోమ్ (బుడిపె ఆకారపు) ట్వీటర్లను వరుసగా బిగిస్తే ఆ పని జరగదు.

## డ్రైవర్ ఎంపిక

డేటాషీట్‌లో మొదట ఏ అంకె చూడాలి?

ఫ్రేమ్ బయటి వెడల్పు. చాలామంది ముందు వాట్లు చూస్తారు, అరేకు అది చివర చూసినా ఫర్వాలేదు. పక్కపక్క డ్రైవర్ల కేంద్రాల మధ్య దూరం ఒక తరంగదైర్ఘ్యం దాటాక శబ్దం పాయలుగా చీలుతుంది. 55 మి.మీ. దూరానికి ఆ హద్దు 6.2 కిలోహెర్ట్జ్, 75 మి.మీ.కు 4.6, 105కు 3.3, 130కు 2.6. సగం తరంగదైర్ఘ్యం లోపల ఉంటే ఇంకా శుభ్రం, కానీ ఈ అంకెలన్నీ సగానికి పడిపోతాయి.

రెండు డ్రైవర్ల కోన్ ఒకే సైజులో ఉన్నా ఒకదాని ఫ్రేమ్ 76 మి.మీ., ఇంకోదాని ఫ్రేమ్ 93 మి.మీ. ఉండొచ్చు. అరేకు మొదటిదే కావాలి. పక్కలు కోసేసినట్టుండే ఫ్రేమ్, స్క్రూ చెవులు మూలల్లో మాత్రమే ఉన్న చదరపు ఫ్రేమ్ బాగా కుదురుతాయి. రెండు ఫ్రేముల మధ్య 1–2 మి.మీ. సందు వదలాలి, లేకపోతే రంధ్రాలు కోసేటప్పుడు జరిగే చిన్న పొరపాట్లు పోగై చివరి డ్రైవర్ పట్టదు.

2 అంగుళాలవా, 3 అంగుళాలవా, 4 అంగుళాలవా?

ట్వీటర్లు లేకుండా కట్టాలంటే 2 నుంచి 3.5 అంగుళాలు. 2 అంగుళాలవి పైన బాగా వెళ్తాయి, కింద 200 హెర్ట్జ్ దగ్గరే అలిసిపోతాయి. పైగా 1.9 మీటర్లు నింపడానికి ముప్పై నాలుగు దాకా కావాలి. చాలా ఇళ్లకు 3 అంగుళాలవి సరైన రాజీ. ఫ్రేమ్ 76 మి.మీ. అయితే 1.9 మీటర్లకు ఇరవై నాలుగు (మిగతా జవాబుల్లో పదహారు అన్నది లెక్క సులువు కోసమే) పడతాయి, కింద 120–150 హెర్ట్జ్ దాకా వస్తాయి.

4 అంగుళాలు, ఆ పైన అయితే ట్వీటర్ లైన్ తప్పదు. డ్రైవర్ల సంఖ్య తగ్గుతుంది గానీ క్రాసోవర్ (కింది, పై స్వరాలను విడదీసి వేర్వేరు డ్రైవర్లకు పంపేది), రెండో వరుస, దాని వైరింగ్ వచ్చిపడి మొత్తం ఖర్చు తరచూ పెరుగుతుంది. ఒక్క డ్రైవర్ ధర చూసి మురిసిపోకుండా రెండు స్తంభాలకు అయ్యే మొత్తం వేసి పోల్చండి.

ట్వీటర్లు లేకుండా ఫుల్‌రేంజ్ (అన్ని స్వరాలూ ఒక్కటే పలికే) డ్రైవర్లతో సరిపోతుందా?

ఈక్వలైజర్ ఉంటే సరిపోతుంది, లేకుంటే సరిపోదు. ఎందుకంటే మీ చెవికి మధ్య డ్రైవర్ దగ్గర, కొసల్లోవి దూరం. పై స్వరాల్లో అవన్నీ ఒకేసారి చేరవు, కాబట్టి కింద కలిసినంత బలంగా పైన కలవవు. డ్రైవర్ విడిగా సమతలంగా ఉన్నా అరే పైకి పోయేకొద్దీ సుమారుగా ఒక్కో ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ రెట్టింపైనప్పుడల్లా) 3 డెసిబెల్స్ చొప్పున వాలిపోతుంది. డీఎస్‌పీతో (శబ్దాన్ని డిజిటల్‌గా సరిచేసే పరికరంతో) దాన్ని లేపాలి. ఇది కొత్త సంగతేం కాదు. 1968లో వచ్చిన బోస్ 901 వరుస అరే కాకపోయినా తొమ్మిది ఒకేరకం ఫుల్‌రేంజ్ డ్రైవర్లతో, తన సొంత ఈక్వలైజర్‌తోనే అమ్ముడయ్యింది.

ఇలాంటి అరేకు 15 కిలోహెర్ట్జ్ దాకా ఏదో ఒక స్థాయిలో పలికే డ్రైవర్ కావాలి. 8 కిలోహెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేసేదాన్ని ఈక్వలైజర్ బతికించలేదు.

కోంబ్ ఫిల్టరింగ్ వల్ల పాడైపోతుందని భయపెడుతున్నారు. అంత ఘోరమా?

కాగితం మీద కనిపించినంత ఘోరం కాదు. మైక్ ఒక బిందువు దగ్గర కొలిస్తే డ్రైవర్ల శబ్దాలు ముందువెనకలుగా చేరి ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో పై స్వరాల్లో దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి నిజమే. అరేలో ఒక్కో డ్రైవర్‌కు దూరం ఒక్కోలా ఉండటంతో ఆ పళ్లు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి, చెవి వాటిని చాలావరకు సగటు చేసుకుంటుంది. ఇబ్బంది పెట్టేది దూరదూరంగా పెట్టిన పెద్ద డ్రైవర్లు: 130 మి.మీ. ఎడంతో బిగించి 10 కిలోహెర్ట్జ్ దాకా వాయిస్తే తల కదిపినప్పుడల్లా శబ్దం రంగు మారుతుంది.

వూఫర్ లైన్ మధ్యలో ఒక్క మంచి ట్వీటర్ పెడితే చాలదా?

చాలదు. లైన్ శబ్దం దూరం రెట్టింపైతే 3 డెసిబెల్స్ తగ్గుతుంది, ఒంటరి ట్వీటర్‌ది 6. రెండున్నర మీటర్ల దగ్గర సరిచేసుకున్న సమతూకం ఐదు మీటర్లకు వెళ్తే 3 డెసిబెల్స్ మందకొడిగా, దగ్గరికొస్తే కీచుగా అవుతుంది. ఒకే కుర్చీ, ఒకే శ్రోత అయితే నడుస్తుంది.

ట్వీటర్ లైన్‌కు ఎలాంటివి తీసుకోవాలి?

చిన్న ఫ్లేంజ్ (బిగించే అంచు), నియోడైమియం మాగ్నెట్ ఉన్న డోమ్‌లు. పెద్ద ఫెరైట్ మాగ్నెట్, 100 మి.మీ. ఫేస్‌ప్లేట్ ఉన్న మామూలు ట్వీటర్ ఎంత మంచిదైనా ఇక్కడ పనికిరాదు. చిన్న డోమ్‌ల రెజొనెన్స్ (అవి సహజంగా ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) చాలావాటిలో 2 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది గనక 3 కిలోహెర్ట్జ్ కంటే కింద క్రాస్ చేయాలంటే ఆలోచించాలి. అక్కడే చిక్కు: 105 మి.మీ. ఎడంతో పెట్టిన వూఫర్ల హద్దు 3.3 కిలోహెర్ట్జ్. అంటే క్రాసోవర్‌కు మిగిలింది 3 చుట్టూ ఇరుకు సందు, ఫిల్టర్ వాలు ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ ఉండటం క్షేమం. వూఫర్ల వరుస కేంద్రరేఖకూ ట్వీటర్ల వరుస కేంద్రరేఖకూ మధ్య అడ్డంగా 11 సెం.మీ. మించకూడదు, 3 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం అంతే. ట్వీటర్ల వరుస ఎత్తు వూఫర్ల వరుస అంతే ఉండాలి.

చవక డ్రైవర్లలో క్యూటీఎస్ 0.6, 0.8 అని ఉంటుంది. నాసిరకమనా?

క్యూటీఎస్ అంటే రెజొనెన్స్ దగ్గర కోన్ ఊగుడు ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె. అది పెద్దదైతే మాగ్నెట్ చిన్నదని అర్థం, మూసిన పెట్టెలో వాడుకోవచ్చు. రెజొనెన్స్ 100 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.6, వీఏఎస్ (కోన్ బిగింపు ఎంత మెత్తనో గాలి ఘనపరిమాణంగా చెప్పే అంకె) 1.2 లీటర్లు ఉన్న డ్రైవర్‌కు 1.5 లీటర్ల పెట్టె ఇచ్చారనుకోండి. 1.2ను 1.5తో భాగించి ఒకటి కలిపితే 1.8, దాని వర్గమూలం 1.34. దాంతో గుణిస్తే పెట్టెలో క్యూ 0.8, రెజొనెన్స్ 134 హెర్ట్జ్ అవుతుంది. కింది స్వరాలకు సబ్‌వూఫర్ ఉంటే ఇది చక్కగా సరిపోతుంది. డ్రైవర్ క్యూటీఎస్ 0.8 దాటితే మూసిన పెట్టెలో బేస్ డబ్బా మోత మోగుతుంది, అలాంటివాటిని ఓపెన్ బాఫుల్‌కు (వెనక పెట్టె లేని పలకకు) వదిలేయండి. పోర్ట్ (బేస్ పెంచే రంధ్రం) పెట్టాలనే ఆశ మాత్రం వద్దు.

సెన్సిటివిటీ 83 డెసిబెల్సే ఉంది, మరీ తక్కువ కాదా?

పదహారింటిని నాలుగేసి సిరీస్, నాలుగు పారలల్‌గా కలిపితే ఇంపెడెన్స్ (ఆంప్లిఫయర్‌కు ఎదురయ్యే నిరోధం) మారదు, సెన్సిటివిటీ (ఇచ్చిన సిగ్నల్‌కు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 12 డెసిబెల్స్ పెరిగి 95 అవుతుంది. ఇది కింది, మధ్య స్వరాల మాట. పై స్వరాల్లో డ్రైవర్లు పూర్తిగా కలవవు గనక లాభం తక్కువ, ఈక్వలైజర్ కూడా కొంత మింగేస్తుంది. కాబట్టి 83–86 డెసిబెల్స్ డ్రైవర్లు ధైర్యంగా తీసుకోవచ్చు.

కోన్ కాగితందా, ప్లాస్టిక్‌దా, అల్యూమినియందా?

మధ్యలో రెండో చిన్న కోన్ అంటించినవి వదిలేయండి, పై స్వరాలు ఒక్కో కోణంలో ఒక్కోలా వస్తాయి. మిగతావాటిలో పదార్థం కంటే ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ ముఖ్యం. అల్యూమినియం కోన్‌కు పైన పదునైన శిఖరం ఉంటుంది, అది అన్నిట్లో ఒకేచోట ఉంటుంది కాబట్టి డీఎస్‌పీతో ఒక్క నాచ్ (ఆ ఒక్కచోటే శబ్దాన్ని తగ్గించే ఫిల్టర్) పెడితే సరి. కాగితానిది మెత్తటి వాలు, పని సులువు. అంచు మాత్రం రబ్బరుదో గుడ్డదో అయి ఉండాలి, ఫోమ్ అంచు ఏళ్లు గడిస్తే పొడిపొడిగా రాలిపోతుంది.

పాత టీవీల్లోంచి తీసిన స్పీకర్లు వాడొచ్చా?

ఒకే మోడల్‌వి పదహారో ఇరవయ్యో దొరికితేనే. నాలుగు రకాలు కలిపి కడితే సిరీస్‌లో ఒక్కోదానికి ఒక్కో వోల్టేజ్ చేరి ఏది ఎంత మోగుతోందో చెప్పలేం. పైగా టీవీల్లోని కోడిగుడ్డు ఆకారపు డ్రైవర్లను నిలువుగా పెడితే ఎడం పెరిగిపోతుంది, అడ్డంగా పెడితే ఎడం తగ్గినా పక్కలకు శబ్దం విస్తరించదు.

## కొనడం, పరీక్షించడం

ఎన్ని అదనంగా కొనాలి?

పదికి ఒకటి చొప్పున. రెండు స్తంభాలకు 32 కావాలంటే 35 లేదా 36 కొనండి, అదీ ఒకేసారి, ఒకే బ్యాచ్‌వి. చవక మోడళ్లు చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. మిగులు సరుకు అమ్మేచోట అయితే ముందు రెండే తెప్పించి కొలిచి, నచ్చితే మొత్తం తీసుకోండి. ఆ మధ్య సరుకు అయిపోవచ్చు, ఆ ప్రమాదం ముప్పై ఆరు పనికిరానివి కొన్నదానికంటే చిన్నదే.

డ్రైవర్లు వచ్చాక బిగించే ముందు ఏం చూడాలి?

ఒక్కోదానికి వెనక అంకె రాసి, పట్టికలో నమోదు చేస్తూ ఇవి చూడండి:

- మల్టీమీటర్‌తో నిరోధం. 8 ఓమ్‌ల డ్రైవర్‌కు 6–7 మధ్య రావాలి. సగటుకు 5 శాతం కంటే దూరంగా ఉన్నది పక్కన పెట్టండి.
- పోలారిటీ. 1.5 వోల్టుల సెల్ పాజిటివ్‌ను పాజిటివ్ ట్యాగ్‌కు ఒక్క క్షణం తాకిస్తే కోన్ బయటికి రావాలి. గుర్తులు తారుమారుగా ముద్రించిన డ్రైవర్లు నిజంగానే వస్తాయి.
- కోన్‌ను అన్నివైపులా వేళ్లతో సమానంగా మెల్లగా నొక్కితే గీసుకుంటున్న చప్పుడు వినపడకూడదు. వినపడితే కాయిల్ గ్యాప్‌లో రాసుకుంటోందన్నమాట.
- 2 వోల్టులతో 60 నుంచి 300 హెర్ట్జ్ దాకా మెల్లగా స్వీప్ (ఫ్రీక్వెన్సీని పెంచుతూ పోవడం). వెనకవైపు చెవి పెట్టి వినండి. జిగురు సరిగా అంటనివి, కాయిల్ తీగ కోన్‌ను తాకేవి ఇక్కడ జుయ్యిమంటాయి.
- 100 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి స్వీప్ చేస్తే డ్రైవర్ మీద వోల్టేజ్ శిఖరం వచ్చే చోటే రెజొనెన్స్. ఈ అంకె కూడా రాసుకోండి.

రెజొనెన్స్ ఒక్కోదానికి ఒక్కోలా వస్తోంది, ఏం చేయాలి?

చవక సరుకులో 10 శాతం అటూఇటూ మామూలే. సిరీస్‌లో కరెంట్ అన్నిట్లో ఒకటే కాబట్టి ఏ ఫ్రీక్వెన్సీలో ఏ డ్రైవర్ ఇంపెడెన్స్ ఎక్కువో దానికే ఎక్కువ వోల్టేజ్ పోతుంది. అందుకే అంకెల వరుసలో పేర్చి, దగ్గరి అంకెలున్న నాలుగింటిని ఒక సిరీస్ గొలుసులో వేయండి. గొలుసుల మధ్య తేడా ఉన్నా నష్టం తక్కువ.

## వైరింగ్

ఎన్ని డ్రైవర్లయితే ఇంపెడెన్స్ చక్కగా కుదురుతుంది?

వర్గ సంఖ్యలు సులువు: 9, 16, 25. ఎన్నేసి సిరీసో అన్నే పారలల్, మొత్తం ఇంపెడెన్స్ ఒక్క డ్రైవర్‌దే. మిగతావాటికి గొలుసులోని మొత్తాన్ని గొలుసుల సంఖ్యతో భాగించాలి. 8 ఓమ్‌లవి పన్నెండు ఉంటే మూడేసి సిరీస్, నాలుగు గొలుసులు: 6 ఓమ్‌లు. ఇరవై నాలుగైతే నాలుగేసి, ఆరు గొలుసులు: 5.3. ఆరేసి, నాలుగు గొలుసులైతే 12. 4 ఓమ్‌లవి ఇరవై అయితే అయిదేసి, నాలుగు గొలుసులు: 5. పదమూడు, పదిహేడు, పంతొమ్మిది డ్రైవర్లతో లెక్క కుదరదు.

ఒక డ్రైవర్ కాలిపోతే మొత్తం ఆగిపోతుందా?

పదహారు డ్రైవర్ల అరేలో ఒక కాయిల్ తెగితే ఆ గొలుసులోని నాలుగూ మూగబోతాయి. 8 ఓమ్‌లు 10.7 అవుతుంది, ఆంప్లిఫయర్‌కు ప్రమాదం లేదు. షార్ట్ అయితే 7.4కు దిగుతుంది, అదీ భరించగలదు. గొలుసులోని నాలుగూ పక్కపక్కనే ఉంటే స్తంభంలో పెద్ద ఖాళీ తెలుస్తుంది. ఒక్కో గొలుసు డ్రైవర్లను పైనుంచి కింద దాకా చెదరగొడితే అంతగా తెలియదు, వైరు మాత్రం ఎక్కువ పడుతుంది. కొత్త డ్రైవర్ వచ్చేదాకా పోయినదాని స్థానంలో 8 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ కలిపి నడిపించొచ్చు.

## పెట్టె

పెట్టె ఎన్ని లీటర్లు ఉండాలి? లోపల అరలు కావాలా?

ఒక్క డ్రైవర్‌కు సరిపోయే ఘనపరిమాణాన్ని సంఖ్యతో గుణించండి. 1.5 లీటర్ల చొప్పున పదహారింటికి 24 లీటర్లు, మాగ్నెట్లు, బ్రేసులు (లోపలి అడ్డపట్టీలు) ఆక్రమించేది అదనం. అరలు తప్పనిసరి. 1.9 మీటర్ల పొడవైన ఖాళీ గొట్టం లోపల 90 హెర్ట్జ్ దగ్గర నిలువు ప్రతిధ్వని పుడుతుంది. నాలుగు డ్రైవర్లకొక అర కట్టి, అరలన్నీ సమానంగా ఉంచి, వైరు పోయే రంధ్రాలను గాలి చొరకుండా సిలికాన్‌తో మూసేయండి.

ముందు పలక ఎంత మందం?

18 మి.మీ. వరసగా పదహారు రంధ్రాలు కోశాక పలకలో మిగిలేది నిచ్చెన మాత్రమే, కాబట్టి రెండు డ్రైవర్లకొకచోట లోపల అడ్డబ్రేసు ఉండాలి. రంధ్రం వెనక అంచును 45 డిగ్రీల్లో వాలుగా చెక్కండి. 3 అంగుళాల డ్రైవర్‌కు 18 మి.మీ. మందమంటే సొరంగమే, చెక్కకపోతే కోన్ వెనక గాలి బిగుసుకుని మధ్య స్వరాలు మూసుకుపోయినట్టుంటాయి. స్క్రూ దగ్గర చెక్క పగలకుండా చెక్కుడు ఆపాలి.

## సరిచేసుకోవడం

మైక్ ఎక్కడ పెట్టి కొలవాలి?

కూర్చునే చోట, చెవి ఎత్తులో, 2.5–3 మీటర్ల దూరంలో. మామూలు స్పీకర్‌లా మీటరు దూరంలో కొలిస్తే కొసల డ్రైవర్లు వాలుగా, ఆలస్యంగా చేరి, మీరు అసలు వినని శబ్దాన్ని చూపిస్తుంది. కుర్చీ చుట్టూ 20 సెం.మీ. అటూఇటూ ఐదారు చోట్ల కొలిచి సగటు తీసి, ఆ గీతకే ఈక్వలైజర్ పెట్టండి. పై స్వరాలను 10–12 డెసిబెల్స్ మించి లేపొద్దు. 10 డెసిబెల్స్ అంటే ఆ పరిధిలో పది రెట్ల పవర్. సంగీతంలో అంత పైన శక్తి తక్కువ, దాన్ని పదహారు కాయిళ్లు పంచుకుంటాయి కాబట్టి ఆ మేరకు తట్టుకుంటాయి.

సబ్‌వూఫర్‌ను ఎక్కడ కలపాలి?

మూసిన పెట్టెలో రెజొనెన్స్ 134 హెర్ట్జ్ వచ్చిన అరేకు 130–150 హెర్ట్జ్ దగ్గర. మామూలు 80 హెర్ట్జ్ సెట్టింగ్ వదిలేస్తే మధ్యలో గుంట పడుతుంది. అంత పైన కలిపితే బేస్ ఎటునుంచి వస్తోందో చెవి పసిగడుతుంది, అందుకని ఒక్కటి గది మూలన కాకుండా స్తంభానికొకటి చొప్పున పక్కనే పెట్టాలి.